ఫ్యామిలీ అండ్ కన్స్యూమర్ సైన్సెస్‌లో మాస్టర్స్: అమెరికాలో ప్రోగ్రామ్‌ను దేన్ని చూసి ఎంచుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను హోమ్ సైన్స్‌లో నాలుగేళ్ల డిగ్రీ పూర్తి చేశాను. పెళ్లయ్యాక అమెరికా వచ్చి ప్రస్తుతం హెచ్-4 వీసాపై (హెచ్-1బీ ఉద్యోగి జీవిత భాగస్వామికి ఇచ్చేది) ఉన్నాను. పని చేయడానికి అనుమతి ఇంకా లేదు. చదువుకు చాలా విరామం వచ్చింది కాబట్టి మాస్టర్స్‌తోనే మళ్లీ మొదలుపెట్టాలని అనుకుంటున్నాను. డిగ్రీలో పోషకాహారం, శిశు వికాసం, గృహ నిర్వహణ, వస్త్ర శాస్త్రం, విస్తరణ విద్య (శాస్త్ర విజ్ఞానాన్ని ప్రజల దగ్గరకు చేర్చే పద్ధతులు) అన్నీ కొంచెం కొంచెం చదివాం. ఇక్కడ వెతికితే అదే చదువు ఒకచోట ఫ్యామిలీ అండ్ కన్స్యూమర్ సైన్సెస్ అని, మరోచోట హ్యూమన్ సైన్సెస్ అని, ఇంకోచోట హ్యూమన్ ఎకాలజీ అని కనిపిస్తోంది.

వడపోయగా మూడు మిగిలాయి. మొదటిది పూర్తిగా ఆన్‌లైన్‌లో సాగే సాధారణ ఫ్యామిలీ అండ్ కన్స్యూమర్ సైన్సెస్ మాస్టర్స్. 30 క్రెడిట్లు, థీసిస్ లేదు. రెండోది మానవ వికాసం, కుటుంబ అధ్యయనాల మాస్టర్స్, థీసిస్ తప్పనిసరి. మూడోది పోషకాహారంలో మాస్టర్స్. కుటుంబాలతో నేరుగా పనిచేసే ఉద్యోగం కావాలన్నది నా కోరిక. పోషకాహార సలహా అయినా, ఇంటి ఖర్చులు, అప్పుల విషయంలో సలహా ఇచ్చే పని అయినా నాకు ఇష్టమే. ఈ మూడింటిలో దేనికి మొగ్గు చూపమంటారు? అసిస్టెంట్‌షిప్ (చదువుకుంటూ విభాగంలో బోధన లేదా పరిశోధనలో సాయపడే జీతం పని) దొరికే అవకాశం ఉంటుందా?

సమాధానం (యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ విభాగంలో పనిచేస్తున్నాను)

పేర్ల గందరగోళం పాతదే. రసాయన శాస్త్రవేత్త ఎలెన్ స్వాలో రిచర్డ్స్ నాయకత్వంలో 1899లో మొదలైన లేక్ ప్లాసిడ్ సమావేశాల్లో ఈ రంగానికి హోమ్ ఎకనామిక్స్ అన్న పేరు స్థిరపడింది. 1994లో ఈ రంగపు జాతీయ సంఘం తన పేరులోని ఆ మాటను తీసేసి ఫ్యామిలీ అండ్ కన్స్యూమర్ సైన్సెస్ అని పెట్టుకుంది. కార్నెల్ విశ్వవిద్యాలయం అంతకు చాలా ముందే, 1969లో, తన కళాశాలను హ్యూమన్ ఎకాలజీగా మార్చింది. జార్జియా విశ్వవిద్యాలయంలో కళాశాలకు ఫ్యామిలీ అండ్ కన్స్యూమర్ సైన్సెస్ అన్న పేరే ఉంది; కానీ లోపలికి వెళ్తే పోషకాహారానికి ఒక విభాగం, మానవ వికాసానికి ఒకటి, వస్త్రాలకూ గృహాలంకరణకూ ఒకటి, ఆర్థిక ప్రణాళిక, గృహవసతులకు మరొకటి కనిపిస్తాయి. ఈ నాలుగింటిలో చదివినవాళ్లు చేరే ఉద్యోగాలకు ఒకదానితో ఒకదానికి పెద్దగా పోలిక ఉండదు.

అందువల్ల ప్రోగ్రామ్ పేరును పక్కనపెట్టి, మీరు చేయదలచిన పనికి ఈ దేశంలో ఏ లైసెన్స్ లేదా ఏ ధ్రువీకరణ అడుగుతారో ముందు తేల్చుకోండి. ఆ తర్వాత, ఈ మాస్టర్స్ పూర్తి చేస్తే ఆ అర్హత వస్తుందా రాదా అన్న ఒక్క ప్రశ్నను ప్రోగ్రామ్ డైరెక్టర్‌కు రాసి, జవాబును కూడా రాతపూర్వకంగానే తెప్పించుకోండి. "మా విద్యార్థులు ఆ రంగంలో పనిచేస్తున్నారు" అని జవాబు వస్తే, అర్హత రాదనే అర్థం చేసుకోవడం మేలని నా అభిప్రాయం.

ఉదాహరణకు మీ రెండో ప్రోగ్రామ్ సంగతి చూద్దాం. కుటుంబ అధ్యయనాల్లో మాస్టర్స్ చేసినంత మాత్రాన కుటుంబ చికిత్సకులు కాలేరు. దానికి మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపీ అనే వేరే ప్రోగ్రామ్ ఉంటుంది, పర్యవేక్షణలో క్లినికల్ గంటలు ఉంటాయి, రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ ఉంటుంది. మీ ప్రోగ్రామ్ మిమ్మల్ని చేర్చగలిగేది కుటుంబ జీవన విద్య వైపు. నేషనల్ కౌన్సిల్ ఆన్ ఫ్యామిలీ రిలేషన్స్ ఇచ్చే సర్టిఫైడ్ ఫ్యామిలీ లైఫ్ ఎడ్యుకేటర్ అర్హతకు పది విషయాల్లో పరిజ్ఞానం కావాలి. మానవ వికాసం, తల్లిదండ్రులకు శిక్షణ, కుటుంబ వనరుల నిర్వహణ, కుటుంబ చట్టాలు, వృత్తి నైతికత వంటివి ఆ పదిలో ఉన్నాయి. ఆ మండలి ఆమోదించిన ప్రోగ్రామ్ అయితే కోర్సుల ద్వారానే అర్హత పొందవచ్చు, కాకపోతే పరీక్ష రాయాలి.

ఇక మొదటిది. సాధారణ మాస్టర్స్‌ను ఎక్కువగా కోరుకునేది ఇప్పటికే బడుల్లో ఈ సబ్జెక్టు బోధిస్తున్న ఉపాధ్యాయులు. వాళ్లకు లైసెన్స్ ముందే ఉంటుంది, జీతంలో పై మెట్టు ఎక్కడానికి మాస్టర్స్ పనికొస్తుంది. కొత్తగా ఉపాధ్యాయురాలు కావాలనుకునేవారికి తొలి లైసెన్స్ ఇప్పించే ప్రోగ్రామ్ వేరుగా ఉంటుంది, అందులో విద్యార్థి బోధన కూడా భాగమే. రెండింటి పేర్లూ ఒకేలా ఉండటంతో ఏది ఏదో తెలియక చేరిపోయేవాళ్లు ఉంటారు. ఎక్స్‌టెన్షన్ కొలువులకు, అంటే విశ్వవిద్యాలయం తరఫున కౌంటీల్లో ప్రజలకు నేర్పే ఉద్యోగాలకు మాత్రం సాధారణ మాస్టర్స్ బాగానే చెల్లుతుంది. 1914 నాటి స్మిత్-లీవర్ చట్టంతో ఏర్పడిన వ్యవస్థ ఇది. వంట, ఆహార భద్రత, ఇంటి బడ్జెట్, పిల్లల పెంపకం అన్నీ ఒకే మనిషి చూసుకోవలసిన కౌంటీలు ఇప్పటికీ ఉన్నాయి. మీరు చదివిన విస్తరణ విద్య అక్కడ అక్కరకు వస్తుంది.

సమాధానం (రిజిస్టర్డ్ డైటీషియన్‌ను)

మూడో ప్రోగ్రామ్ గురించి మాత్రమే చెబుతాను. 2024 జనవరి 1 నుంచి రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయడానికి మాస్టర్స్ స్థాయి డిగ్రీ తప్పనిసరి అయింది. దాంతో పోషకాహారంలో ఏ మాస్టర్స్ చేసినా డైటీషియన్ కావచ్చన్న అపోహ పెరిగింది. ఆ డిగ్రీతో పాటు, ఏసెండ్ అనే గుర్తింపు సంస్థ ఆమోదించిన ప్రోగ్రామ్‌లో నిర్దేశిత కోర్సులు పూర్తయి ఉండాలి, పర్యవేక్షణలో కనీసం 1,000 గంటల పని చేసి ఉండాలి. మంచి పరిశోధన ఉన్న పోషకాహార విభాగాల్లో కూడా చాలా మాస్టర్స్ ప్రోగ్రామ్‌లకు ఈ రెండూ ఉండవు. అక్కడ చదివినవాళ్లు పరిశోధనశాలలకో పీహెచ్‌డీకో వెళ్తారు.

కోర్సులూ ఆ 1,000 గంటలూ కలిపి ఇచ్చే గ్రాడ్యుయేట్ ప్రోగ్రామ్‌లు కొన్ని ఉన్నాయి. మీ పరిస్థితిలో నేనైతే వాటినే వెతుకుతాను. చేరే ముందు విదేశీ డిగ్రీని మదింపు చేయించాలి. మదింపు నివేదికలో మీ కోర్సులు ఒక్కొక్కటి ఒక్కో వరుసలో, ఎదురుగా ఇక్కడి క్రెడిట్లతో కనిపిస్తాయి. ఆహార రసాయన శాస్త్రం, ఆహార సూక్ష్మజీవ శాస్త్రం హోమ్ సైన్స్ డిగ్రీలో ఉంటాయి కాబట్టి సాధారణంగా చిక్కు ఉండదు. కర్బన రసాయన శాస్త్రం, శరీర ధర్మశాస్త్రం, గణాంక శాస్త్రం దగ్గరే క్రెడిట్లు తక్కువ పడుతుంటాయి. లోటు ఉంటే కమ్యూనిటీ కాలేజీలో తక్కువ ఫీజుతో తీర్చుకోవచ్చు. అయితే ఏ కాలేజీ క్రెడిట్లను అంగీకరిస్తారో చేరబోయే విభాగాన్ని ముందే అడగండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంతవరకు నేను ఫీజులూ ర్యాంకులూ తప్ప ఏసెండ్ గుర్తింపు సంగతే చూడలేదు. నా మూడో ప్రోగ్రామ్ పేజీలో ఆ మాట ఎక్కడా లేదు. అప్పులు, ఖర్చుల సలహా వైపు వెళ్లాలంటే మాస్టర్స్ అవసరమేనా? హెచ్-4పై ఉండి అసిస్టెంట్‌షిప్ తీసుకోవచ్చా అన్నది కూడా ఎవరైనా చెప్పగలరా?

సమాధానం (ఆర్థిక ప్రణాళికలో మాస్టర్స్ విద్యార్థిని, హెచ్-4 నుంచి ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారాను)

ఆర్థిక సలహాకు మాస్టర్స్ తప్పనిసరి కాదు. అక్రెడిటెడ్ ఫైనాన్షియల్ కౌన్సెలర్ అనే అర్హతకు చదువుతో పాటు పరీక్ష, 1,000 గంటల అనుభవం అడుగుతారు. అప్పుల్లో ఉన్న కుటుంబాలతో కూర్చుని మాట్లాడే పనికి సరిగ్గా సరిపోయేది అదే. సీఎఫ్‌పీకి (సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్) ఏదైనా సబ్జెక్టులో డిగ్రీ, ఆ బోర్డు నమోదు చేసిన కోర్సులు, పరీక్ష, 6,000 గంటల అనుభవం కావాలి. అప్రెంటిస్‌షిప్ పద్ధతిలో అయితే 4,000 గంటలు చాలు. టెక్సస్ టెక్, కాన్సస్ స్టేట్ వంటి చోట్ల ఈ చదువుకు మంచి పేరుంది. డిగ్రీ మన దేశానిది, ఇక్కడ పరిచయాలు లేవు అనుకునేవారికి మాస్టర్స్ వల్ల వచ్చే అసలు లాభం ఇంటర్న్‌షిప్, తోటి విద్యార్థుల పరిచయాలు అని నాకు అనిపిస్తుంది.

హెచ్-4పై నిరభ్యంతరంగా చదువుకోవచ్చు, ఆన్‌లైన్‌లో కూడా. కానీ అసిస్టెంట్‌షిప్ అంటే జీతం కాబట్టి పని అనుమతి లేకుండా తీసుకోకూడదు. మీ వారి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం యజమాని వేసే దరఖాస్తు) ఆమోదమై ఉంటే ఆ అనుమతికి దరఖాస్తు చేయవచ్చు. లేదంటే ఎఫ్-1కు మారాలి. మారితే క్యాంపస్‌లో తరగతులు జరుగుతున్నప్పుడు వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు, అసిస్టెంట్‌షిప్‌తో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు మొత్తమో కొంతో మాఫీ అవుతుంది. అప్పుడు మీ మొదటి ప్రోగ్రామ్ జాబితాలోంచి పోతుంది, ఎందుకంటే పూర్తిగా ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌కు ఎఫ్-1 ఇవ్వరు. చదువు ముగిశాక ఓపీటీ (చదివిన రంగంలో పని చేయడానికి ఎఫ్-1 విద్యార్థులకు ఇచ్చే అనుమతి) కింద 12 నెలలు పని చేయవచ్చు. మరో 24 నెలల పొడిగింపు వస్తుందా లేదా అన్నది ప్రోగ్రామ్ పేరును బట్టి తేలదు, దానికి కేటాయించిన ఆరు అంకెల సీఐపీ కోడ్ (చదువు రంగాన్ని తెలిపే సంఖ్య) హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉందా అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఆ కోడ్‌ను అడ్మిషన్ల కార్యాలయాన్ని అడిగితే చెబుతారు.

ఇంకొకటి. కేటలాగ్‌లో ఉన్న కోర్సులన్నీ నిజంగా నడుస్తాయని నమ్మకండి. గత నాలుగు సెమిస్టర్ల తరగతుల పట్టికను విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో తెరిచి, మీకు కావలసిన కోర్సు ఎన్నిసార్లు కనిపించిందో చూడండి. మా విభాగంలో అప్పుల కౌన్సెలింగ్ కోర్సు రెండేళ్లకు ఒకసారే వస్తుంది. ఆ సంగతి తెలియక వసంతకాలంలో చేరినవాళ్లు అదొక్కదాని కోసం మరో సెమిస్టర్ ఆగవలసి వచ్చింది.

అసిస్టెంట్‌షిప్‌తో ఆఫర్ వచ్చాక వెంటనే జవాబు ఇమ్మని తొందరపెడితే కంగారు పడకండి. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానంపై సంతకం చేసిన విశ్వవిద్యాలయాలు ఆర్థిక సహాయపు ఆఫర్లపై ఏప్రిల్ 15 వరకు గడువు ఇవ్వాలి. మిగిలిన చోట్ల నుంచి జవాబులు వచ్చేదాకా ఆ గడువును వాడుకోండి. ఎఫ్-1 మార్పుకు అమెరికాలో ఉండే వేసే ఐ-539 దరఖాస్తు తేలడానికి నెలలు పట్టవచ్చు. అది ఆమోదమయ్యేదాకా జీతం మొదలుపెట్టే వీలుండదు కాబట్టి, అసిస్టెంట్‌షిప్‌ను ఒక సెమిస్టర్ వాయిదా వేస్తారా అని కూడా అంగీకారం తెలిపే ముందే అడిగి ఉంచుకోండి.