హైవే కింద పొలం పోతుంది: రేటు గురించి అడగాల్సింది రాష్ట్రాన్నా, కేంద్రాన్నా?

పరకాల పత్తిచేను:
పొద్దటి సంది కూసున్న, ఒక్క ముక్క సమజైతలేదు. రోడ్డు కింద మా పొలం పోతుంది, పైసలు మస్తు తక్కువ రాసిన్రు. ఒక ఆఫీసుకు పోతే ‘ఇది సెంట్రల్‌ది, మా చేతుల లేదు’ అంటరు. ఢిల్లీ పోర్టల్‌ల ఫిర్యాదు పెడితే ‘రాష్ట్ర ప్రభుత్వ పరిధి’ అని మూసేసిన్రు. ప్రజావాణిల ఇచ్చిన కాగితం తిరిగి తిరిగి మొదటి ఆఫీసుకే వచ్చింది. భూమి అసలు ఎవల కిందికి వస్తది? పక్కూర్ల కాలువ కింద పోయినోళ్లకు మాకంటె బాగ ఇచ్చిన్రు. తెల్సినోళ్లు జెర చెప్పున్రి.

కోర్టు గుమాస్తా:
ఏ రోడ్డు? 3ఏ తేదీ ఎప్పుడు? అవార్డు, అంటే పరిహారం ఇంత అని తేల్చిన ఉత్తర్వు, అయ్యిందా? ఇవి లేకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

సివిక్స్ మాస్టారు:
మీ ప్రశ్నలో రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని మూడు జాబితాలూ ఉన్నాయి. భూమి రాష్ట్ర జాబితాలో 18వ అంశం. భూమి శిస్తు, రికార్డులు, సర్వే అదే జాబితాలో 45. జాతీయ రహదారులు కేంద్ర జాబితాలో 23. ఆస్తుల సేకరణ ఉమ్మడి జాబితాలో 42. ఈ సేకరణ అధికారం కూడా మొదట్లో కేంద్ర జాబితాలో 33గా, రాష్ట్ర జాబితాలో 36గా విడివిడిగా ఉండేది. 1956లో ఏడో సవరణ ఆ రెండూ తీసేసి ఉమ్మడిలో పెట్టింది. ఉమ్మడి అంటే ఇద్దరూ చట్టం చేయొచ్చు, పొసగకపోతే 254వ అధికరణం ప్రకారం పార్లమెంటు చట్టమే చెల్లుతుంది. 1976లో 42వ సవరణ విద్యను, అడవులను, తూనికలు కొలతలను, వన్యప్రాణుల రక్షణను, కింది కోర్టుల ఏర్పాటును రాష్ట్రాల నుంచి ఉమ్మడిలోకి లాగింది. ఏటూరునాగారం అడవుల మీద నిర్ణయాలు ఢిల్లీ దాకా పోవడానికి మూలం అక్కడుంది. దీని మీద ఎంత మాట్లాడినా తక్కువే.

కోర్టు గుమాస్తా:
మాస్టారూ, అడవులు తర్వాత. తమ్మీ, తేదీలు చెప్పు.

పరకాల పత్తిచేను:
మంచిర్యాల దిక్కు నుంచి వచ్చే గ్రీన్‌ఫీల్డ్ అన్నా. 3ఏ అంటే ఏందో ఎరుక లేదు, పేపర్ల పడ్డదన్నరు. అవార్డు నోటీసు వచ్చింది. పైసలు ఇంక తీస్కోలె. కలెక్టర్ సారుకు అప్పీల్ పెట్టుకోమని ఒగలు, హైదరాబాద్‌ల మంత్రిని కలువుమని ఇంకొగలు.

భూసేకరణ ఫైలు:
అంటే 163జీ నంబరు జాతీయ రహదారి. అది 1956 జాతీయ రహదారుల చట్టం కింద జరిగే సేకరణ. మీరు తిరుగుతున్న చిక్కు ఇక్కడుంది: అవార్డు రాసేది మన ఆర్డీవో లేదా స్పెషల్ డిప్యూటీ కలెక్టర్. జీతం రాష్ట్రానిది. కానీ ఆ సంతకం పెట్టేటప్పుడు ఆయన కేంద్రం గెజిట్‌లో నియమించిన ‘కాంపిటెంట్ అథారిటీ’. పార్లమెంటు చట్టం రాష్ట్ర అధికారికి ఇట్లా పని అప్పజెప్పొచ్చని 258(2) అధికరణం చెబుతుంది. అందుకే అవార్డు మార్చే అధికారం రాష్ట్ర మంత్రికి లేదు, ప్రజావాణికీ లేదు. పోర్టల్‌లో చూసేవాళ్లకు మాత్రం ఆర్డీవో పేరు కనబడగానే అది రాష్ట్రం ఫైలు అయిపోతుంది.

3ఏ అంటే ఆ చట్టంలో ఫలానా భూమి తీసుకోబోతున్నామని చెప్పే మొదటి ప్రకటన. రోడ్డు ఎటు పోవాలన్న అభ్యంతరానికి 3ఏ గెజిట్ తర్వాత 21 రోజులే గడువు (3సీ సెక్షన్). అది మీకు దాటింది. 3ఏ నుంచి ఏడాదిలోపు 3డీ (భూమి కేంద్రానికి చెందిందనే ఖరారు ప్రకటన) రాకపోతే ఆ నోటిఫికేషన్ చెల్లదు, స్టే ఉన్న కాలం లెక్కలోకి రాదు. కాబట్టి రెండు గెజిట్లూ తీసి తేదీలు సరిచూడండి. కేంద్ర ఈ-గెజిట్ సైట్‌లో దొరుకుతాయి. దొరకకపోతే హైవే అథారిటీ ప్రాజెక్టు ఆఫీసుకు 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ పెట్టండి. తప్పు ఆఫీసుకు పోయినా 6(3) సెక్షన్ కింద 5 రోజుల్లో సరైన చోటికి వాళ్లే పంపాలి.

రేటు సంగతి. 2015 జనవరి 1 నుంచి 2013 భూసేకరణ చట్టం లెక్కే హైవేలకూ వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ కనీస విలువ, చుట్టుపక్కల అమ్మకాల సగటు, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అది. ఆ సగటు అన్ని డాక్యుమెంట్లకు కట్టరు. ముందు మూడేళ్ల అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం డాక్యుమెంట్లకే కట్టాలి. పది ఉంటే పై అయిదు. దాన్ని ఊళ్లకు వర్తించే గుణకంతో గుణించి, చెట్లు, బావి, పైపులైను విలువ కలిపి, ఆ మొత్తం మీద నూరు శాతం సొలేషియం (బలవంతంగా తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము). ఇవి కాక మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం. ఎక్కువ అవార్డుల్లో తేడా కొట్టేది ఆ సగటు దగ్గరే. డాక్యుమెంట్లు లేవని కనీస విలువ వేసి వదిలేస్తారు.

డాక్యుమెంట్ల కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఒక్కటే తిరగొద్దు. 2020 నవంబరు నుంచి సాగుభూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దార్ ఆఫీసులోనే అవుతున్నాయి. రెండు చోట్లా సర్టిఫైడ్ నకళ్లు తీయండి. 3ఏ తర్వాత అయిన అమ్మకాలు పనికిరావు.

ఎస్సారెస్పీ ఆయకట్టు:
2013 చట్టం అన్నరు కదా, మరి ఆ చట్టంల 64వ సెక్షన్ ఉంది. అవార్డు మీద ఆరు వారాలల్ల కలెక్టర్‌కు అర్జీ పెడితే పరిహారం తగాదాలు తేల్చే అథారిటీకి పంపాలె. మా దిక్కు అందరు అట్లనే పెట్టిన్రు. దాన్నే అప్పీల్ అంటరు.

కోర్టు గుమాస్తా:
అది కాలువలకు. హైవేకు కాదు.

భూసేకరణ ఫైలు:
గుమాస్తా గారి మాట నిజం. పరిహారం లెక్క మాత్రమే 2013 చట్టానిది, దారి 1956 చట్టానిదే. ఇక్కడ 3జీ(5) సెక్షన్ కింద ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తి ముందు విచారణ. ఆర్బిట్రేటర్‌ను నియమించేది కేంద్రం, మన దగ్గర మామూలుగా జిల్లా కలెక్టరే. అర్జీ మీద ‘అప్పీల్’ అని, ‘64వ సెక్షన్’ అని రాస్తే పక్కన పడేస్తారు. 3జీ(5) అని స్పష్టంగా రాయండి. ఆ సెక్షన్‌లో గడువు లేదు, అది చూసి ధీమాగా కూర్చోవద్దు. దాని తర్వాత జిల్లా కోర్టుకు పోవాలంటే మాత్రం 3 నెలలు, కారణం చూపిస్తే మరో 30 రోజులు, అంతే. అక్కడ రేటు మొదట్నుంచి లెక్కపెట్టరు. అందుకని సాక్ష్యాలన్నీ కలెక్టర్ ముందే పడాలి.

పైసలు తీసుకోండి, కాకపోతే ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రసీదు మీద రాయండి. ఆర్బిట్రేటర్ పెంచితే, పెరిగిన మొత్తం మీద స్వాధీనం చేసుకున్న తేదీ నుంచి 9 శాతం వడ్డీ వస్తుంది.

సివిక్స్ మాస్టారు:
కాలువకు ఎక్కువ ఇచ్చారన్న మాటకు జవాబు ఎవరూ చెప్పలేదు. 2013 చట్టానికి తెలంగాణ తెచ్చిన సవరణకు 2017లో రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. అందులో 30ఏ కింద రైతుతో మాట్లాడుకొని ఒప్పందం మీద భూమి తీసుకోవచ్చు. పార్లమెంటు చట్టానికి తేడాగా ఉన్నా రాష్ట్రపతి ఆమోదం ఉంటే ఆ రాష్ట్రం వరకు చెల్లుతుందని 254(2) అంటుంది. కాలువ రాష్ట్రం పని కాబట్టి ఆ దారి ఉంది. హైవేకు అది లేదు. అందుకే ఒప్పందం రేటు చూపించి ‘మాకూ ఇవ్వండి’ అంటే నిలబడదు.

ఎస్సారెస్పీ ఆయకట్టు:
రైతు ఒక్కడే, నేల ఒక్కటే, గట్టు దాటితే రేటు మారుడు ఏం న్యాయం?

సివిక్స్ మాస్టారు:
న్యాయం కాదనే నేనూ అంటాను. సేకరణ ఉమ్మడి జాబితాలో ఉన్నప్పుడు ఒక్కో పనికి ఒక్కో చట్టం పెట్టకుండా పరిహారానికీ, విచారణకూ ఒకటే దారి ఉండాలి. అది పార్లమెంటు చేయగలిగిన పనే.

పరకాల పత్తిచేను:
ఇంకోటి చెప్పుడు మర్చిన. మాది 32 గుంటలు పోతుంటే నోటీసుల 26 గుంటలే ఉన్నది. రాళ్లు పాతింది మాత్రం 32 దాకా.

కోర్టు గుమాస్తా:
ఇది మొదట చెప్పాల్సిన మాట.

భూసేకరణ ఫైలు:
ఇది రేటు కంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం. 3డీ గెజిట్‌లో మీ సర్వే నంబరు ఎదురుగా ఎంత ఉందో చూడండి. అక్కడ 32 ఉండి అవార్డులో 26 ఉంటే కాంపిటెంట్ అథారిటీకి సవరణ అర్జీ. 3డీలోనే 26 ఉంటే ఆ 6 గుంటలు ఇంకా సేకరణలో లేనట్టే. వాటికి అదనపు 3ఏ, 3డీ రాకుండా పని మొదలుపెట్టనీయొద్దు, జాయింట్ సర్వే అడగండి. పాస్‌బుక్కులోనే తక్కువ పడి ఉంటే అది తహసీల్దార్ దగ్గర, రాష్ట్ర భూరికార్డుల పోర్టల్ భూభారతిలో సరిచేయించాలి. ఆ ఒక్కటి పూర్తిగా రాష్ట్రం పని. ప్రజావాణి కాగితం పనికొచ్చేది దానికే.

పరకాల పత్తిచేను:
సరే అన్నా, గెజిట్ తీస్త రేపు. థాంక్స్.

ములుగు రోడ్డు:
మాది లావుణి పట్టా, సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమి. పట్టాదారుతో సమానంగ ఇస్తరా, తక్కువ ఇస్తరా?

కోర్టు గుమాస్తా:
ఏ సంవత్సరం పట్టా? ఎవరి పేరు మీద ఉంది?