బుడగ ‘పేలుతుంది’ అనాలా? మైక్రోబబుల్స్ గురించి రాసేటప్పుడు ఏ క్రియ వాడాలి

అందరికీ నమస్కారం. అల్ట్రాసౌండ్ సాయంతో మందును కావలసిన చోటికే చేర్చే పద్ధతి గురించి తెలుగులో రాసినప్పుడు తరచూ కనబడే వాక్యం ‘బుడగలు పేలి మందును విడుదల చేస్తాయి’. ఈ బుడగలే మైక్రోబబుల్స్, అంటే మందుతో పాటు నెత్తురులోకి ఎక్కించే అతి చిన్న వాయు బుడగలు. ఈ ‘పేలడం’ మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. టైరు పేలుతుంది, టపాకాయ పేలుతుంది, చప్పుడూ పక్కవాటికి తగిలే దెబ్బా ఆ మాటలోనే ఉన్నాయి. మెదడులో కణితి ఉన్న మనిషి ‘నెత్తురులోకి బుడగలు ఎక్కించి పేలుస్తారు’ అని చదివితే ఎంత టెన్షన్ పడతాడు! పైగా చాలా సందర్భాల్లో అది నిజం కూడా కాదు.

ఈ బుడగలు చాలావరకు ఎర్ర రక్తకణం కన్నా చిన్నవి, కొద్ది మైక్రాన్లే, అందుకే ఎంత సన్న నాళంలోనైనా సాగిపోతాయి. లోపల సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ లాంటి, నెత్తురులో సులువుగా కరగని వాయువు, పైన కొవ్వుతోనో ప్రోటీన్‌తోనో చేసిన పలచటి పొర. ధ్వని తరంగం ఒత్తిడి పెంచిన క్షణంలో బుడగ కుంచించుకుంటుంది, తగ్గించిన క్షణంలో ఉబ్బుతుంది, ఇలా సెకనుకు లక్షల సార్లు. మెదడు రక్తనాళాల గోడలో కణాలు చాలా మందుల్ని లోపలికి పోనివ్వకుండా బిగుసుకుని ఉంటాయి కదా, పక్కనే బుడగ ఇలా ఆడుతుంటే ఆ అతుకులు కాసేపు వదులై, కొన్ని గంటల్లో మళ్లీ బిగుసుకుంటాయి. 2015లో టొరంటోలోని సన్నీబ్రూక్ ఆసుపత్రిలో మెదడు కణితి రోగికి కీమో మందు చేర్చింది ఈ దారిలోనే. అక్కడ బుడగ పగలకుండా చూసుకోవడమే అసలు పని, ధ్వని బలం మితిమీరితే సన్న నాళాలు దెబ్బతిని నెత్తురు కారుతుంది.

అందుకని ఇక్కడ ‘పొంగుతూ కుంగుతూ’ అంటే సరిపోతుందని నా ఉద్దేశం. ధ్వని బలం పెంచి నిజంగానే బుడగను పగలగొట్టే పద్ధతులూ ఉన్నాయి, వాటికి ‘చిట్లడం’ చాలు.

జవాబు: మాస్టారూ, ‘స్పందించడం’ అనకూడదా? హృదయ స్పందన అంటున్నాం కదా, అదీ పొంగి తగ్గడమే.

అర్థం ప్రకారం మీరన్నదే సరైన మాటండీ. కానీ ఇవాళ ‘బుడగ ధ్వనికి స్పందిస్తుంది’ అంటే జవాబిస్తుందనే చదువుతారు, మంత్రిగారు స్పందించారు అన్నట్టు. ‘కంపించడం’ అంటే ఊగడమే తప్ప పరిమాణం మారుతున్నట్టు తెలియదు.

జవాబు: మరి టార్గెటెడ్ డ్రగ్‌కి వాడే ‘లక్షిత ఔషధం’ అన్నమాట?

దాంతోనూ పేచీ ఉంది. అది చదివితే మందే రోగాన్ని వెతుక్కుంటూ పోతుందనిపిస్తుంది. కొన్ని బుడగల పొరకు ఫలానా కణాలకే అతుక్కునే అణువులు తగిలించే మాట నిజమే. మామూలుగా అయితే మందూ బుడగలూ నెత్తురుతో పాటు ఒళ్లంతా తిరుగుతాయి, ధ్వనిని ఎక్కడ కేంద్రీకరిస్తే అక్కడే తలుపు తెరుచుకుంటుంది. గురి ధ్వనిది, మందుది కాదు. ‘ధ్వని గురిపెట్టిన చోట మందు చేరుతుంది’ అని రాస్తే విషయం చెడకుండా ఉంటుంది.

జవాబు: సోనోపొరేషన్‌కి, అదే ధ్వనితో బుడగల్ని ఆడించి కణం పొరలో దారి తెరవడానికి, ‘ధ్వనిరంధ్రీకరణ’ అని చూశాను సార్, నోరు తిరగడం లేదు. కణానికి చిల్లు పెట్టడం అనొచ్చా?

చిల్లు వద్దండీ, చిల్లు అంటే నష్టం, కుండకీ జేబుకీ పడేది. ‘బెజ్జం’ అనండి. కావాలని పెట్టేది బెజ్జం, చెవిపోగు తీసేస్తే చెవి బెజ్జం పూడుకుపోయినట్టు, ధ్వని మోతాదులో ఉంటే కణం పొరలోని బెజ్జమూ కొద్ది సెకన్లలోనో నిమిషాల్లోనో పూడుకుపోతుంది. చికిత్స కోసం జన్యువుల్ని కణంలోకి పంపే విషయంలో ఈ మాట ఇంకా బాగా అమరుతుంది. డీఎన్ఏది రుణావేశం కాబట్టి బుడగ పొరకు ధనావేశం ఇచ్చి దానికి అంటిస్తారు, బెజ్జం పడగానే అది కణంలోకి జారుతుంది. అయితే అక్కడితో పని కాదు, కేంద్రకం దాకా చేరాలి, జన్యువును మోసుకెళ్లడానికి వాడే వైరస్‌లు ఆ పనిలో ఆరితేరినవి, బుడగలు ఇంకా వెనకబడే ఉన్నాయి. కానీ వైరస్‌ను ఒకసారి ఎక్కిస్తే శరీరం గుర్తుపెట్టుకుని రెండోసారి ఎదురుతిరగొచ్చు, బుడగలతో ఆ ఇబ్బంది చాలా తక్కువ, మళ్లీ మళ్లీ ఇవ్వొచ్చు. కాబట్టి ‘జన్యువును కణంలోకి ప్రవేశపెట్టారు’ అన్నచోట, కణంలోకా కేంద్రకంలోకా అన్నది రాసేవాళ్లు తప్పకుండా తేల్చి చెప్పాలి.