కల్పిత లోకంలో ఓడ ముందా, రేవు ముందా?

ప్రశ్న: తూర్పుగాలి

అందరికీ నమస్కారం. తెలుగులో ఒక అద్భుతగాథను నవలగా రాస్తున్నాను. కథ అంతా ఒక మహానది చుట్టూ నడుస్తుంది. ఆ నది పడమటి కొండల్లో పుట్టి, ఏడు పాయలుగా చీలి, తూర్పున సముద్రంలో కలుస్తుంది. పాయల మధ్య లంకల్లో చిన్న పట్టణాలు, సముద్రపు ఒడ్డున ఒక రాజధాని రేవు ఉన్నాయి. లంకల వాళ్లు పడవల్లో తిరుగుతారు, వర్తకులు పెద్ద ఓడల్లో దూరద్వీపాలకు వెళ్తారు, కొండల మీది ఒక తెగకు మాత్రం గాలిలో తేలే నౌకలు ఉన్నాయి.

పటం గీశాను, రేవుకూ ఓడలకూ బొమ్మలు వేసుకున్నాను. ఇప్పుడు నన్ను వేధిస్తున్న సందేహాలు మూడు. స్థలాన్ని ముందుగా ఊహించి దానికి తగిన ఓడను తయారుచేసుకోవాలా, లేక కథకు కావలసిన ఓడను ముందు అనుకొని దానికి రేవును సమకూర్చాలా? ఓడ కొలతలు, లోపలి గదులు, సిబ్బంది సంఖ్య వంటివి ఎంతవరకు తేల్చుకోవాలి? గాలినౌకలకు ఏమైనా కట్టుబాట్లు ఉండాలా? మంత్రశక్తి ఉన్న లోకంలో ఇన్ని లెక్కలు దేనికని కొందరు మిత్రులు అంటున్నారు. ఆ మాట నాకు రుచించడం లేదు. ఎంత మాయాలోకమైనా, రేవులో దిగిన పాఠకుడి కాలికి తడి ఇసుక తగలాలన్నది నా కోరిక. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: గోదారిపాయ

తూర్పుగాలి గారూ, ఓడ కంటే, రేవు కంటే ముందు మీరు తేల్చుకోవలసింది నీటి సంగతి. ఒడ్డు దగ్గర లోతెంత, అడుగున ఉన్నది బురదా ఇసుకా రాయా, కెరటం ఎక్కడ విరుగుతుంది, ఏ నెలలో గాలి ఎటు వీస్తుంది అన్నవి నిర్ణయించుకుంటే, ఓడ రూపమూ రేవు రూపమూ చాలావరకు వాటంతట అవే వచ్చేస్తాయి.

మన తూర్పు తీరాన్నే తీసుకోండి. ఈ తీరంలో చాలాచోట్ల ఒడ్డు దగ్గర లోతు తక్కువ, కెరటం ఉద్ధృతి ఎక్కువ. అందుచేత పూర్వం పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక దూరంగా లంగరు వేసుకొని నిలబడేవి. సరుకునూ మనుషులనూ ఒడ్డుకు చేర్చే పని మసూలా పడవలది. ఆ పడవ పలకలను మేకులతో బిగించరు, కొబ్బరినార తాళ్లతో కుడతారు, లోపల బిగువైన చట్రం కూడా ఉండదు. కెరటం ఎత్తి ఇసుక మీద పడేసినప్పుడు మేకులు కొట్టిన పడవ పగిలిపోతుంది. కుట్టిన పడవ మాత్రం ఆ దెబ్బకు కాస్త వంగి, మళ్లీ సర్దుకుంటుంది.

ఈ ఒక్క పడవ వెంట ఎంతమంది బతుకులు కథలోకి వస్తాయో గమనించండి. నార పేనేవాళ్లు, పలకలు కుట్టేవాళ్లు, ఏ కెరటం తరువాత పడవను తోయాలో చూపుతోనే పసిగట్టేవాళ్లు ఆ ఒడ్డున ఉండి తీరాలి. వేల వరహాల సరుకు తెచ్చిన ఓడ యజమాని సైతం, ఒడ్డు ఎదురుగా కనిపిస్తున్నా, వాళ్లు సరేననేదాకా దిగలేడు. మీ రాజధానికి ఇటువంటి ఒడ్డును ఇస్తే, రాజు కంటే పడవవాళ్ల పెద్దకు ఎక్కువ పలుకుబడి ఉండే రోజులు ఏడాదిలో కొన్ని తప్పకుండా వస్తాయి. ఈ విషయాన్ని మీరు సంభాషణల్లో వివరించనక్కరలేదు, ఒడ్డున జరిగే ఒక్క బేరంలో పాఠకుడికి అర్థమైపోతుంది.

ఇక మీ ఏడు పాయలు. అవి ఏడూ ఒకే తీరుగా ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. నది తెచ్చే ఒండ్రు ఒక పాయను పూడుస్తుంది, వరద మరో పాయను లోతు చేస్తుంది. గోదావరి ఒండ్రు మేట వేయడం వల్లనే కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ అనే ఇసుక దీవి ఏర్పడింది. దాని చాటున ఓడలు నిలవడానికి కెరటాల తాకిడి లేని నీరు దొరికింది. ఆ పక్కనే, ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరుపడ్డ కోరంగి రేవును అదే ఒండ్రు పూడ్చుకుంటూ వచ్చింది, 1839 నవంబరు తుఫాను దాన్ని కోలుకోకుండా చేసింది. ఒక ఊరిని చంపిన ఒండ్రే పక్క ఊరికి కోట కట్టింది. మీ లంకల్లో రెండు పట్టణాల మధ్య తరాల పగ కావాలంటే ఇంతకంటే బలమైన కారణం దొరకదు.

మరొక్క మాట చెప్పి ముగిస్తాను. రేవును కట్టేటప్పుడు దాని చట్టాన్ని కూడా రాయండి. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును అంతకు ముందటి రాజులు బలవంతంగా తీసుకునేవారనీ, తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోననీ ఆయన వర్తకులకు అందులో మాట ఇచ్చాడు. పగిలిన ఓడ ఎవరిది అన్న ప్రశ్నకు మీ ఒక్కొక్క పట్టణం ఒక్కొక్క జవాబు చెబితే, ఆ పట్టణాల స్వభావాలు వేరువేరుగా నిలబడతాయి.

సమాధానం: కొలతబద్ద

గోదారిపాయ గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, మీ రెండవ, మూడవ ప్రశ్నలకు జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

కొలతలు తప్పక వేసుకోండి, అయితే అవి నవలలో కనిపించనక్కరలేదు. ఊహాచిత్రాల్లోని ఓడలకు సాధారణంగా అంతస్తు మీద అంతస్తు, దాని మీద బురుజు, దాని మీద బంగారు విగ్రహం ఉంటాయి. నిజంగా అలా కడితే ఏమవుతుందో స్వీడన్‌వాళ్లు 1628లో చూశారు. వాసా అనే యుద్ధనౌకను రెండు వరసల ఫిరంగులతో, వందల కొద్దీ చెక్కడాలతో స్టాక్‌హోం రేవులో నిర్మించారు. పై భాగం బరువు ఎక్కువై, అడుగున దాన్ని నిలబెట్టేంత బరువు లేకపోవడంతో, మొదటి ప్రయాణంలోనే 1,300 మీటర్ల దూరం దాటే లోపల ఒక గాలి విసురుకు అది పక్కకు ఒరిగింది. కింది వరస ఫిరంగుల కోసం తెరిచి ఉంచిన కిటికీల్లోంచి నీరు జొరబడి, నగరమంతా చూస్తుండగా మునిగిపోయింది. 1961లో దాన్ని పైకి తీశారు, ఇప్పుడు అదే నగరంలో ప్రదర్శనలో ఉంది. మీ ఓడ ఎంత ఎత్తు ఉంటే దాని అడుగున అంత బరువు ఉండాలి, అడుగు బరువెక్కితే అది నీటిలో మరింత లోతుగా దిగుతుంది, అప్పుడు ఏడు పాయల్లో ఐదింటిలోకి అది ప్రవేశించలేదు. ఈ గొలుసును ఒక్కసారి కాగితం మీద పెడితే, ఏ పట్టణం నేరుగా సముద్రవర్తకం చేస్తుందో, ఏది చిన్న పడవల మీద ఆధారపడుతుందో తేలిపోతుంది.

లోపలి గదుల విషయంలో మంచినీటితో మొదలుపెట్టండి. మనిషికి రోజుకు నాలుగు లీటర్లు అనుకుంటే, వందమందికి 60 రోజుల ప్రయాణానికి 24,000 లీటర్లు, అంటే 24 టన్నుల నీరు మోయాలి. ఆ పీపాలు ఎక్కడ పెడతారు, వాటి తాళం ఎవరి దగ్గర ఉంటుంది, వంట పొయ్యి కింద చెక్క అంటుకోకుండా ఏమి పరుస్తారు అన్నవి తెలిస్తే సరంగుకూ కళాసీలకూ మధ్య తగువు ఎక్కడ పుడుతుందో మీకే తడుతుంది. మిగతా గదులను కథకు అవసరమైనప్పుడు చూసుకోవచ్చు.

గాలినౌకలకు కట్టుబాట్లు ఉండి తీరాలి. మంత్రం లేని మన లోకంలో ఒక ఘనమీటరు హైడ్రోజన్ ఇంచుమించు 1.1 కిలోల బరువును మాత్రమే పైకి లేపగలదు. పది టన్నులు లేపాలంటే పది మీటర్ల వెడల్పు, పది మీటర్ల ఎత్తు, తొంభై మీటర్ల పొడవు ఉన్న సంచి కావాలి. హిండెన్‌బర్గ్ అనే జర్మన్ గాలినౌక పొడవు 245 మీటర్లు, అందులో పట్టే వాయువు రెండు లక్షల ఘనమీటర్లు. 1937లో అది తగలబడిననాడు అంత పెద్ద నౌకలో ఉన్నది 97 మంది. మీ తెగవారి నౌకలు మంత్రంతో లేచినా, ఆ మంత్రం ఎంత బరువును లేపుతుంది, ఎంతసేపు నిలుస్తుంది, అది తీరిపోతే నౌక మెల్లగా దిగుతుందా, దభీమని పడుతుందా అన్న మూడింటినీ మొదటి అధ్యాయానికి ముందే నిర్ణయించుకొని, చివరి అధ్యాయం దాకా మార్చకండి. బరువు తక్కువ మోస్తాయనుకుంటే అవి బియ్యాన్నీ సైన్యాన్నీ మోయలేవు, ఉత్తరాలనూ మందులనూ రత్నాలనూ మాత్రమే మోస్తాయి. కొండ తెగ ధాన్యం కోసం లంకల వాళ్ల ముఖం చూడక తప్పదు. పడవలకు గాలినౌకలు పోటీ కాకుండా పోవడం మీ కథకు మేలు చేస్తుంది.

సమాధానం: ఉప్పుటేరు

పెద్దలిద్దరూ నీటినీ కొలతలనూ చక్కగా చెప్పారు. నాకు లోటుగా తోచినది కాలం. పటం మీద గీసిన స్థలం ఏడాది పొడవునా ఒకేలా ఉంటుందని మనం తెలియకుండానే అనుకుంటాం.

కంబోడియాలో తోన్లే సాప్ అనే సరస్సు ఉంది. వానకాలంలో మెకాంగ్ నది పొంగినప్పుడు, సరస్సు నుంచి మెకాంగ్‌లోకి పారవలసిన ఏరు వెనక్కు తిరిగి సరస్సులోకి పారుతుంది. సరస్సు కొన్ని రెట్లు విశాలమై చుట్టూ ఉన్న అడవిని ముంచేస్తుంది. చేపలు ఆ మునిగిన చెట్ల మధ్య పెరుగుతాయి. అక్కడి ఊళ్లు కొన్ని పొడవాటి గుంజల మీద నిలబడితే, మరికొన్ని నీటి మీద తేలుతూ మట్టంతో పాటు చోటు మారుతుంటాయి. ఇందులో మంత్రం ఏమీ లేదు, అయినా ఏ మాయాలోకానికీ తీసిపోదు. మీ ఏడు పాయల్లో ఒక్కటి ఏడాదికి ఒకసారి వెనక్కు పారితే, ఆ వారంలో జరిగే ప్రయాణాలు, పెళ్లిళ్లు, దొంగతనాలు అన్నీ మారిపోతాయి.

గాలి కూడా అంతే. మన సముద్రంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి, ఆ తరువాత ఈశాన్యపు గాలి. తెరచాప ఓడ ఒక గాలికి వెళ్లి, రెండో గాలి కోసం పరాయి రేవులో నెలల తరబడి కాచుకునేది. వర్తకులు అక్కడ ఇళ్లు కట్టుకున్నదీ, గుళ్లూ మసీదులూ లేపినదీ, పెళ్లాడినదీ ఆ నిరీక్షణలోనే. మీ రాజధానిలో పరదేశుల పేట ఎక్కడ ఉండాలో ఆ గాలి చెబుతుంది.

కొలతబద్ద గారి మాటల్లో ఒక్కదానితో నాకు పేచీ ఉంది. అన్నీ ముందే నిర్ణయించుకోవాలన్న నియమం కొందరు రచయితల చేతులు కట్టేస్తుంది. కథ నడిచే రెండు మూడు చోట్లను మాత్రం గట్టిగా కట్టుకొని, మిగిలినవాటిని పాత్రల నోట విన్నవిగా, సగం నిజంగా, సగం పుకారుగా వదిలేయవచ్చు. పడవవాళ్లకు కూడా తాము చూడని రేవులు అలాగే తెలుస్తాయి.

ప్రతిస్పందన: తూర్పుగాలి

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. రాజధానిని కెరటాలు విరిగే ఇసుక ఒడ్డు మీదే ఉంచి, కుట్టు పడవల వాళ్లకు ఒక పేటనూ ఒక పెద్దనూ ఇస్తున్నాను. దక్షిణపు పాయ పూడిపోతోంది, ఉత్తరపు పాయ లోతవుతోంది, కథ మొదలయ్యేది ఈ రెండు ఒడ్ల పట్టణాల నడుమ. గాలినౌక ముగ్గురు మనుషులను, ఒక చిన్న పెట్టెను మాత్రమే మోస్తుంది. ఉప్పుటేరు గారు అన్నట్టు దూరద్వీపాలను పుకార్లకే వదిలేస్తాను. ఇంకొక్క సందేహం మిగిలింది. పూడిపోతున్న పాయలో లోతు తక్కువ కదా, అక్కడి వాళ్లు ఎటువంటి పడవ వాడితే బాగుంటుంది?

సమాధానం: గోదారిపాయ

అడుగు చదునుగా, వెడల్పుగా ఉండి, జానెడు లోతు నీటిలో కూడా తేలే పడవ పెట్టండి. తెడ్డు కంటే గెడ ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే అడుగు అందుతుంది. మరీ బురదగా ఉన్నచోట గెడ దిగబడిపోతుంది కాబట్టి, అక్కడ గట్టు మీద నడుస్తూ తాడుతో లాగే మనుషులు కావాలి. రెండు పడవల మీద పలకలు పరిచి కట్టిన బల్లకట్టు ఉంటే బండ్లనూ పశువులనూ దాటించవచ్చు. మీ దక్షిణపు పట్టణం ఒకప్పుడు పెద్ద ఓడలను చూసినది గనుక, ఆ కాలపు ఎత్తైన రాతిమెట్లు రేవులో ఇంకా ఉంటాయి. ఇప్పటి పడవలు ఆ మెట్లలో చివరిదానికి కూడా అందవు కాబట్టి, జనం దానికి వెదురు నిచ్చెన ఆనించుకొని ఎక్కి దిగుతారు.