ఆ 96 పేజీల పుస్తకం: దయచేసి చదివినవారు మాత్రమే రాయండి

ముషీరాబాద్ పాఠకుడు | 17 నవంబరు 2023

మన నియోజకవర్గంలో పోటీ చేస్తున్న ఒక అభ్యర్థి మీద వచ్చిన 96 పేజీల పుస్తకం పది రోజులుగా ఇంటింటి గడపలోనూ కనిపిస్తున్నది. అభ్యర్థి పేరు గాని, పార్టీ పేరు గాని, పుస్తకం పేరు గాని ఎవరూ రాయవద్దని నా మనవి. అసెంబ్లీ ఎన్నికల పోలింగుకు పదమూడు రోజులే ఉన్నది, ఎవరి గురించి మాట్లాడుకుంటున్నామో అందరికీ తెలుసు. అవతలి పక్షం వారు రాయించినదని మొదటి పేజీ చదవగానే అర్థమవుతుంది. అందుకు నాకు అభ్యంతరం లేదు, ఎన్నికల పుస్తకం ఒక పక్షాన నిలబడక మరెక్కడ నిలబడుతుంది? నేను అడిగేది మూడు సంగతుల గురించి. ఐదేళ్లలో ఆస్తి మూడింతలైందన్న రెండో అధ్యాయం ఎంతవరకు నమ్మదగినది? ఏడు క్రిమినల్ కేసులంటూ మూడో అధ్యాయంలో ఇచ్చిన జాబితా సరైనదేనా? ఐదో అధ్యాయంలో ఉన్న చెరువు భూమి కథనాన్ని సామాన్య పాఠకుడు స్వయంగా పరిశీలించే మార్గం ఏమైనా ఉన్నదా?

నల్లకుంట ఓటరు | 17 నవంబరు

నేను చదవలేదు, చదవబోను. ఎన్నికలకు ముందు వచ్చే పుస్తకానికీ, పెళ్లికి ముందు వచ్చే ఆకాశరామన్న ఉత్తరానికీ నాకు తేడా కనిపించదు.

ముషీరాబాద్ పాఠకుడు | 17 నవంబరు

శీర్షికలో ఉన్న ఒకే ఒక షరతును మొదటి సమాధానమే ఉల్లంఘించింది.

దస్తావేజు లేఖరి | 17 నవంబరు

ఇరవై ఏడేళ్లుగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఎదుట కూర్చొని దస్తావేజులు రాస్తున్న నాకు రెండో అధ్యాయం చదివి నవ్వు వచ్చింది. 2018 అఫిడవిట్‌లో 2 కోట్ల 10 లక్షలు, ఇప్పటి అఫిడవిట్‌లో 6 కోట్ల 40 లక్షలు, కనుక దోపిడీ జరిగిందని తీర్మానించారు. తెలంగాణలో రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం నిర్ణయించే మార్కెట్ విలువలను 2013 తరువాత ఎనిమిదేళ్లపాటు ఎవరూ ముట్టుకోలేదు. 2021 జూలైలో ఒకసారి, ఆరు నెలలు దాటగానే 2022 ఫిబ్రవరిలో మరోసారి పెంచారు. ఈ రెండు పెంపులూ సరిగ్గా ఆ రెండు అఫిడవిట్‌ల మధ్యకాలంలోనే జరిగాయి. ఇంట్లో ఒక ఇటుక కూడా కదలకుండానే ఆస్తి విలువ పెరుగుతుంది. ఈ లెక్కన మా వీధిలో చాయ్ దుకాణం నడిపే వ్యక్తి కూడా దోపిడీదారుడే, ఎందుకంటే ఆయన తాతగారి ఇల్లు కూడా మూడింతలైంది.

ఉప్పల్ వాసి | 18 నవంబరు

లేఖరిగారు తమ అనుభవంతో మనలను దారి తప్పిస్తున్నారు. అభ్యర్థులు ఇచ్చే అఫిడవిట్, అంటే ఫారం 26లో, స్థిరాస్తుల పట్టికలో అడిగేది రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలోని విలువ కాదు, ప్రస్తుత మార్కెట్ విలువ సుమారుగా ఎంత అన్నదే. ప్రభుత్వం విలువలు పెంచినా పెంచకపోయినా బయటి ధర ఎప్పుడూ పెరుగుతూనే ఉన్నది. అభ్యర్థి 2018లో తక్కువ చేసి రాశాడా, ఇప్పుడు నిజం రాశాడా అన్నది కదా అడగవలసిన ప్రశ్న?

దస్తావేజు లేఖరి | 18 నవంబరు

అయ్యా, ఆ పట్టికను అభ్యర్థుల తరఫున ఎవరు నింపుతారో తమరికి తెలియదు. నా వంటివారే నింపుతారు. బయటి ధర వేస్తే రేపు ఆదాయపు పన్ను వారు అడుగుతారన్న భయంతో నూటికి తొంభై మంది ప్రభుత్వ విలువనే తీసుకువచ్చి అక్కడ వేస్తారు. ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు.

ఉప్పల్ వాసి | 18 నవంబరు

అంటే ప్రమాణం చేసి ఇచ్చే పత్రంలో అడిగినదానికి బదులు మరొకటి రాయడం మీ వృత్తిలో ఆనవాయితీ అని మీరే ఒప్పుకుంటున్నారు. ఇంతకన్నా మంచి సాక్ష్యం ఆ పుస్తక రచయితకు దొరికి ఉండేది కాదు. నూటికి తొంభై అన్న లెక్కను ఏ దస్తావేజులో చూశారో కూడా సెలవివ్వండి.

దస్తావేజు లేఖరి | 18 నవంబరు

నా వృత్తి జోలికి రావద్దు. తమరు ఇల్లు కొన్నప్పుడు దస్తావేజులో ఎంత రాయించారో, చేతికి ఎంత ఇచ్చారో ఇక్కడ రాయండి, ఆ తరువాత మాట్లాడుకుందాం.

(ఉప్పల్ వాసి ఆ రాత్రి రాసిన సమాధానాన్ని నిర్వాహకులు తొలగించారు.)

రైలుపట్టా 2011 | 18 నవంబరు

ఆస్తుల లెక్కలు మీరు చూసుకోండి, నేను మూడో అధ్యాయం గురించి మాత్రమే రాస్తాను. ఏడు కేసులని పెద్ద అక్షరాలతో అచ్చువేసి, ఎదురుగా సంకెళ్ల బొమ్మ వేశారు. పుస్తకం చివరి అనుబంధంలో చిన్న అక్షరాలతో సెక్షన్లు ఉన్నాయి. ఎంతమంది అక్కడివరకు వెళ్లారో నాకు తెలియదు. ఏడింటిలో ఐదు భారత శిక్షాస్మృతి 143, 188, 341 సెక్షన్ల కిందివి, అంటే గుంపుగా చేరడం, అధికారి ఉత్తర్వును ధిక్కరించడం, దారికి అడ్డుపడడం. ఆరోది రైల్వే చట్టం 174, అంటే రైలును ఆపడం. తేదీలన్నీ 2011లోవి. ఆ ఏడాది తెలంగాణ ఉద్యమంలో మార్చి 10న ట్యాంక్‌బండ్ మీద జరిగిన మిలియన్ మార్చ్‌లో, సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు నడిచిన సకల జనుల సమ్మెలో, ఈ నగరంలో ఎంతమంది మీద ఇవే సెక్షన్లు పడ్డాయో తెలియనివారు ఈ పుస్తకం రాశారని నేను నమ్మను. తెలిసే రాశారు. నా మీద కూడా 174 ఉండేది. పెళ్లిచూపులకు వెళ్లిన ప్రతిచోటా మా అమ్మ దానిని వివరించవలసి వచ్చింది. ఆ అభ్యర్థికి నేను ఓటు వేయను, అది వేరే సంగతి. కాని పట్టాల మీద కూర్చున్నవాడినీ జేబులు కొట్టేవాడినీ ఒకే సంకెళ్ల బొమ్మ కింద చూపిన చేతిని మాత్రం క్షమించలేను.

నల్లకుంట ఓటరు | 18 నవంబరు

ఆరు లెక్క చెప్పారు. ఏడోది ఏమిటి?

రైలుపట్టా 2011 | 18 నవంబరు

ఏడోది 420, అంటే మోసం, చెక్కు వ్యవహారానికి సంబంధించినది, ఇంకా విచారణలో ఉన్నది. దానిని నేను సమర్థించలేదు, సమర్థించను. ఆ ఒక్క కేసును తీసుకొని పది పేజీలు రాసి ఉంటే నేను కూడా శ్రద్ధగా చదివేవాడిని. ఆరు ఉద్యమ కేసుల మధ్య దానిని దాచిపెట్టినట్టు ఉన్నది.

సీసం అక్షరాలు | 19 నవంబరు

అందరూ లోపలి పేజీలు చూస్తున్నారు, నేను అలవాటుకొద్దీ చివరి అట్ట చూశాను. ఛత్తాబజార్‌లో అచ్చుకూర్పు నేర్చుకొని, తరువాత చిక్కడపల్లిలో సొంత ప్రెస్సు పెట్టి, కిందటి ఏడాది మూసివేసినవాడిని. 96 పేజీలంటే పదహారేసి పేజీల ఆరు ఫారాలు. సెంటర్ పిన్ కొట్టలేదు, జిగురు బైండింగు చేశారు. అంటే పెద్ద సంఖ్యలో, తీరికగా, డబ్బుకు వెనుకాడకుండా వేయించిన పని. ఇంత ఖర్చుపెట్టినవారు ముద్రించిన ప్రెస్సు పేరు, చిరునామా ఎక్కడా వేయలేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఎ ప్రకారం అది నేరం, ఆరు నెలల జైలు. ప్రచురణకర్త సంతకంతో, ఆయనను స్వయంగా ఎరిగిన ఇద్దరి సాక్షి సంతకాలతో రెండు ప్రతుల ప్రకటన తీసుకోకుండా మేము ఎన్నికల కాలంలో ఒక్క కరపత్రం కూడా యంత్రం ఎక్కించేవారం కాదు. రాజధానిలో అచ్చయితే ఒక ప్రతి ప్రధాన ఎన్నికల అధికారికి వెళ్లాలి, జిల్లాల్లో అయితే కలెక్టరుకు వెళ్లాలి. ఒకసారి మా కుర్రవాడు చిరునామా వేయడం మరచిపోతే నాలుగు వేల పోస్టర్ల మీద రబ్బరు స్టాంపు కొట్టుకుంటూ రాత్రంతా కూర్చున్నాము.

న్యాయశాస్త్ర విద్యార్థిని | 19 నవంబరు

శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ సెక్షన్ వర్తించేది ఎన్నికల కరపత్రానికి, పోస్టరుకు. వెల ముద్రించి అమ్మే పుస్తకం కరపత్రమవుతుందా అన్నది వాదించదగిన విషయమే.

సీసం అక్షరాలు | 19 నవంబరు

అమ్మాయీ, వెల 100 రూపాయలని వేసి బస్టాపులో ఊరికే పంచితే అది పుస్తకమా, కరపత్రమా? నిర్వచనంలో ఇతర పత్రం అన్న మాట కూడా ఉన్నది, ఒకసారి చదువుకో.

న్యాయశాస్త్ర విద్యార్థిని | 19 నవంబరు

చదివిన తరువాతే రాశాను. నన్ను అమ్మాయీ అని పిలవవలసిన అవసరం లేదు. లేఖరిగారిని ఎవరూ అబ్బాయీ అనలేదు. ఒక అభ్యర్థి గెలుపు ఓటములను ప్రభావితం చేయడానికి పంచే ఏ ముద్రిత పత్రమైనా ఆ నిర్వచనంలోకి వస్తుందన్న మీ మాట నిజమే, ఊరికే పంచారన్న అంశం మీ వాదనకు బలం కూడా. అయితే ఇక్కడ చాలామంది ఇది అవినీతికరమైన ఎన్నికల చర్య అని, ఫిర్యాదు చేస్తే అవతలివాడి ఎన్నిక రద్దవుతుందని అనుకుంటున్నట్టున్నారు. అదే చట్టం 123(4) కింద అలా తేలాలంటే రాసినది అబద్ధమైన వాస్తవ కథనమై ఉండాలి, అది అబద్ధమని రాసినవారికి తెలిసి ఉండాలి లేదా నిజమన్న నమ్మకం వారికి లేకపోవాలి, అది అభ్యర్థి వ్యక్తిగత శీలానికో నడవడికో లేదా అభ్యర్థిత్వానికో సంబంధించినదై ఉండాలి, అవతలి అభ్యర్థో ఆయన ఏజెంటో చేసినదై లేదా వారి సమ్మతితో జరిగినదై ఉండాలి. ఏడు కేసులున్న మాట నిజమే, ఆస్తి అంకెలు అఫిడవిట్‌లోవే. అబద్ధం ఎక్కడ ఉన్నదని చూపుతారు? పైగా పుస్తకం మీద అక్టోబరు అని ఉన్నది, నామినేషన్లు నవంబరు 3న మొదలయ్యాయి. అచ్చయిన నాటికి ఆయన చట్టం దృష్టిలో అభ్యర్థి అవునా కాదా అన్న వాదన కూడా వస్తుంది.

సీసం అక్షరాలు | 19 నవంబరు

పిలుపు విషయంలో తప్పు నాదేనమ్మా. పంచినది మాత్రం నవంబరులోనే, మా గుమ్మం ముందే.

బర్కత్‌పుర పెద్దాయన | 19 నవంబరు

ఎనభై దాటినవాడిని, ఇటువంటి పుస్తకాలు చాలా చూశాను. 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రానికి ఎన్నికలు జరిగినప్పుడు మాది కృష్ణా జిల్లాలో ఒక పల్లె. మాస్కోలోని ప్రావ్దా పత్రిక నెహ్రూ ప్రభుత్వాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాస్తే, కాంగ్రెసువారు దానినే అచ్చువేయించి పంచారు. ఒక్క తిట్టు లేదు, ఒక్క సంకెళ్ల బొమ్మ లేదు. అధికారంలోకి వస్తామనుకున్న కమ్యూనిస్టులకు 15 స్థానాలు మిగిలాయి.

నల్లకుంట ఓటరు | 19 నవంబరు

దానికీ దీనికీ సంబంధం ఏమిటి?

బర్కత్‌పుర పెద్దాయన | 19 నవంబరు

సంబంధం ఏమిటంటే, ఈ 96 పేజీలలో ఆ అభ్యర్థి సొంత మనుషులు ఆయన గురించి అన్న మాట ఒక్కటి కూడా లేదు. అంతా శత్రువుల మాటే. చదవకుండా అడిగితే ఆ సంబంధం కనిపించదు.

లెక్కల టీచరు | 20 నవంబరు

ఇంత గొడవ జరిగినా రెండు అఫిడవిట్‌లను పక్కపక్కన పెట్టుకొని చూసినవారు ఒక్కరూ లేరు. రెండూ ఎన్నికల సంఘం వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉన్నాయి. రాత్రి రెండు గంటలు కూర్చున్నాను. 2018లో చూపిన పాత ఇల్లు, పాత స్థలం విలువే ఇప్పుడు 4 కోట్ల 15 లక్షలు. అంతవరకు లేఖరిగారి మాట చెల్లుతుంది. మిగిలిన 2 కోట్ల 25 లక్షలు 2021లో భార్య పేరిట కొన్న స్థలానిది. కొన్నప్పటి ధర అన్న గడిలో 1 కోటి 90 లక్షలని ఉన్నది, అప్పుల పట్టికలో దాని మీద తీసుకున్న 1 కోటి 30 లక్షల బ్యాంకు రుణం ఉన్నది. పుస్తకం ఆ రుణాన్ని పూర్తిగా వదిలేసింది, ఇది పాఠకుణ్ణి మోసగించడమే. కాని లెక్క అక్కడ ఆగలేదు. చేతి నుంచి పెట్టవలసినది 60 లక్షలు. 2019 ఫిబ్రవరి సవరణ తరువాత అభ్యర్థులు ఐదేళ్ల ఆదాయం చూపాలి కనుక ఆ గడి కూడా చూశాను. దంపతులిద్దరిదీ కలిపితే ఐదేళ్లకు 46 లక్షలు. తిన్నది, కట్టినది, పిల్లల ఫీజులు ఏవీ లెక్కించకుండానే 14 లక్షలు తక్కువ పడుతున్నది. పాత పొదుపు కావచ్చు, అత్తవారి సాయం కావచ్చు, నేను నేరం అంటగట్టడం లేదు. అయితే ఆయనను సభలో నిలబెట్టి అడగదగిన ప్రశ్న ఇదొక్కటే, ఈ ప్రశ్న ఆ పుస్తకంలో లేదు. మూడింతలన్న మాట అట్ట మీదికి బాగుంటుందన్న తొందరలో చేతిలో ఉన్నదానిని పారేసుకున్నారు.

ఉప్పల్ వాసి | 20 నవంబరు

రుణం సంగతి నేను చూడలేదు. ఆ పుస్తకాన్ని నేను ముప్పై మందికి పంచాను, వారిలో కొందరు మా కాలనీవారే. లేఖరిగారి వృత్తి గురించి తొలగించిన సమాధానంలో రాసినదానిని వెనక్కి తీసుకుంటున్నాను, నూటికి తొంభై గురించి అడిగినదానిని మాత్రం తీసుకోను.

దస్తావేజు లేఖరి | 20 నవంబరు

నూటికి ఎనభై అనుకోండి.

ముషీరాబాద్ పాఠకుడు | 20 నవంబరు

నాలుగు రోజులు గడిచాయి, చెరువు గురించి ఒక్కరూ ఒక్క వాక్యం రాయలేదు.

న్యాయశాస్త్ర విద్యార్థిని | 20 నవంబరు

చెరువు పూర్తి నీటిమట్టం హద్దు ఎక్కడున్నదో తెలిస్తే సగం తేలుతుంది. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు కట్టడం లేకుండా వదలాలి. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) చెరువుల జాబితాలో ఆ చెరువు పేరు ఎదుట ప్రాథమిక నోటిఫికేషన్ ఉన్నదా, తుది నోటిఫికేషన్ ఉన్నదా చూడండి. పుస్తకంలో అచ్చువేసిన పటం ప్రాథమిక దశలోనిదైతే, హద్దు మీద అభ్యంతరాలు వినకముందు గీసినదని అర్థం. పటం కింద ఏమని రాసి ఉన్నది?

ముషీరాబాద్ పాఠకుడు | 20 నవంబరు

పటం కింద ఏమీ లేదు. కత్తిరించి అచ్చువేశారు, అడుగున సగం అక్షరాలు మాత్రం కనిపిస్తున్నాయి. రేపు భూతద్దం తీసుకొని కూర్చుంటాను.

సీసం అక్షరాలు | 20 నవంబరు

నా దగ్గర ప్రెస్సులో వాడిన పది రెట్ల అద్దం ఉన్నది. చిక్కడపల్లి గ్రంథాలయం దగ్గరికి వస్తే ఇస్తాను, ఆ పుస్తకం కూడా తీసుకురండి, నా ప్రతిని మా మనవడు చించేశాడు.