అప్‌డేట్: తమ్ముడి కేసులో ఎట్టకేలకు కబురు వచ్చింది

తమ్ముడిపై దాడి కేసు ఎంతవరకు వచ్చిందో స్టేషన్‌లో ఎవరూ చెప్పడం లేదని, ఏం చేయాలని ఇక్కడ అడిగాను కదా. మీరు చెప్పినట్టే భారతీయ నాగరిక సురక్షా సంహిత (పోలీసు దర్యాప్తు, కోర్టు విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం) 193(3) సెక్షన్ పేరు రాసి అర్జీ ఇచ్చాను. దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లోపు బాధితుడికి తెలియజేయాలని ఆ సెక్షన్‌లో ఉంది. స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ గారు మొదట "అవన్నీ కాగితం మీదే" అన్నారు. అర్జీ అందినట్టు రసీదు అడిగేసరికి స్వరం మారింది! నాలుగో రోజు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది.

నిందితులు దొరకలేదు. అయినా పరిహారం అడగొచ్చని అదే చట్టం 396 సెక్షన్‌లో ఉండటంతో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టాం.

చట్టం తెలిసినవాళ్లకే హక్కు అన్నట్టుంది. అందుకే ఈ 90 రోజుల సంగతి ఎఫ్‌ఐఆర్ కాపీ మీదే ముద్రించాలని మా ఎమ్మెల్యే గారికి వినతిపత్రం ఇచ్చాం. బదులు ఇంకా రాలేదు.