స్విఫ్ట్ ముందు చక్రాల బేరింగులు ఎప్పుడు మార్చాలి?

ప్రశ్న: కృష్ణాతీరం (విజయవాడ)

అందరికీ నమస్కారం. మాది 2014 నాటి పెట్రోలు స్విఫ్ట్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా వీధి కొంచెం మెరకలో ఉండటం వల్ల నీళ్ళు సీట్ల దాకా రాలేదు గానీ, చక్రాలు మాత్రం ఇరుసులు మునిగేదాకా బురదనీటిలో నానాయి. అప్పట్లో ఆయిళ్ళు మార్పించి, బ్రేకులు విప్పించి శుభ్రం చేయించాము. బేరింగుల మాట ఎవరూ ఎత్తలేదు. కొంతకాలంగా వేగం 50 దాటగానే ముందు వైపు నుంచి ఒకే శ్రుతిలో హోరు వినిపిస్తోంది, వేగంతో పాటే అదీ పెరుగుతోంది. ఒక మెకానిక్ రెండు ముందు బేరింగులూ పోయాయనీ, మరొకరు టైర్లు అరిగిన చప్పుడేననీ అంటున్నారు. త్వరలో ఇంటిల్లిపాదీ తిరుపతి వెళ్ళాలనుకుంటున్నాము. ఈ హోరుతో వెళ్ళవచ్చా, ముందే మార్చాలా, మారిస్తే ఒకటా రెండా అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరు.

సమాధానం: ఉప్పల్‌వాసి

కృష్ణాతీరం గారూ, ఇద్దరిలో ఎవరి మాట నిజమో ఖర్చు లేకుండానే తేల్చుకోవచ్చు. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద 60 వేగంలో వెళుతూ గేరును న్యూట్రల్‌లోకి తెచ్చి చూడండి. ఇంజను వేగం పడిపోయినా హోరు అలాగే ఉంటే దానికి ఇంజనుతో సంబంధం లేదన్నమాట. తరువాత తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు మీదికి వెళ్ళినప్పుడు గమనించండి: టైరు చప్పుడు రోడ్డును బట్టి స్పష్టంగా మారుతుంది, బేరింగు హోరు దాదాపు మారదు. అప్పటికీ అనుమానం తీరకపోతే ముందు టైర్లను వెనక్కీ, వెనక టైర్లను ముందుకూ మార్పించండి. చప్పుడు టైర్లతో పాటు వెనక్కి వెళ్ళిందంటే తప్పు టైర్లదే.

ఏ వైపుదో తెలియాలంటే, వేగం తగ్గించకుండా తిరిగే సువిశాలమైన వంపులు పనికొస్తాయి. కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడుతుంది కాబట్టి అప్పుడు హోరు పెరిగితే ఎడమ బేరింగునూ, ఎడమకు తిరిగేటప్పుడు పెరిగితే కుడి బేరింగునూ అనుమానించాలి. స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా వెళ్ళేటప్పుడు వచ్చే టకటక శబ్దం మాత్రం వేరు, అది సాధారణంగా డ్రైవ్ షాఫ్టు జాయింటుది.

సమాధానం: పాతబండి (రాజమహేంద్రవరం)

పై సమాధానం సరైనదే. అయితే వంపుల పరీక్ష ఒక్కదానినే నమ్మి విప్పించవద్దని నా సలహా, ఎందుకంటే ఒక వైపు హోరు బాడీ గుండా మరో వైపు నుంచి వస్తున్నట్టు వినిపించడం తరచూ జరిగేదే. సమతలంగా ఉన్న చోట కారును ఎత్తించి, జాకీ మీదనే వదలకుండా స్టాండ్లు పెట్టించి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఒక చేత్తో చక్రం గట్టిగా తిప్పుతూ రెండో చేతి వేళ్ళను సస్పెన్షన్ స్ప్రింగు మీద ఆనించండి. బాగున్న బేరింగు అయితే వేళ్ళకు ఏమీ తెలియదు. లోపల గుంటలు పడిన బేరింగు అయితే సన్నని ఇసుక నలుగుతున్నట్టు గరగర స్ప్రింగు గుండా వేళ్ళకు అందుతుంది. చెవి మోసపోయిన చోట కూడా ఈ పరీక్ష నిజం చెబుతుంది.

తరువాత చక్రాన్ని పైనా కిందా, అంటే గడియారంలో 12, 6 అంకెలుండే చోట్ల, పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. కదలిక ఉంటే పక్కన ఒకరిని బ్రేకు తొక్కి ఉంచమనండి. బ్రేకు తొక్కగానే కదలిక పోతే అది బేరింగు ప్లే (వదులు), పోకపోతే కింది బాల్ జాయింటును చూడాలి. 9, 3 అంకెల చోట్ల మాత్రమే కదిలితే టై రాడ్డు వైపు చూడాలి.

ఇక ఎప్పుడు మార్చాలన్న అసలు విషయం. ఇన్ని కిలోమీటర్లకు మార్చాలనే లెక్క ఈ సీలు బేరింగులకు లేదు. హోరు మాత్రమే ఉండి ప్లే లేకపోతే ఊళ్ళో నెమ్మదిగా తిరుగుతూ కొద్ది రోజుల్లో మార్పించుకోవచ్చు గానీ, దాన్ని నెలలు సాగదీయకూడదు. ప్లే కనిపించినా, కొంత దూరం నడిపాక హబ్ (చక్రం బిగించే మధ్యభాగం) రెండో వైపు దానికంటే బాగా వేడెక్కుతున్నా ఆ కారును మార్చేదాకా కదపకూడదు. పిల్లాపాపలతో హైవే ప్రయాణమంటున్నారు కనుక, హోరు బేరింగుదేనని తేలితే బయలుదేరే ముందే మార్చండి.

వరద నీటి విషయమూ తోసిపుచ్చవద్దు. ఈ సీళ్ళు దుమ్మునూ వాన చినుకులనూ ఆపడానికే గానీ గంటల తరబడి మునిగి ఉండటానికి కాదు. లోపలికి చేరిన తేమ గ్రీజును చెడగొట్టి, బాల్స్ పరుగెత్తే దారిలో తుప్పు చుక్కలు పుట్టిస్తుంది. ఆ చుక్కలు గుంటలై హోరుగా మారడానికి నెలలు పడుతుంది కాబట్టే అప్పుడు ఎవరికీ తెలియలేదు.

సమాధానం: బెజవాడ_గ్యారేజీ

రెండూ కలిపి మార్చాలనే నియమం ఏమీ లేదు. రెండు నకుల్స్ (చక్రం వెనక బేరింగును పట్టి ఉంచే లోహపు భాగాలు) విడివిడిగా విప్పాల్సినవే కనుక కూలీలో పెద్దగా కలిసొచ్చేదీ ఉండదు. కానీ మీ కారు విషయంలో రెండు చక్రాలూ ఒకే నీటిలో నానాయి కాబట్టి, రెండో వైపు స్ప్రింగు పరీక్షలో ఏ కాస్త గరగర తెలిసినా దాన్నీ అప్పుడే మార్చమంటాను. ఆ పరీక్షలో నిశ్శబ్దంగా ఉన్నదాన్ని విప్పించకండి.

దీనికంటే ముఖ్యం ఎలా మారుస్తారన్నది. ఈ కారులో బేరింగును నకుల్‌లోకి ప్రెస్‌తో బిగుతుగా ఎక్కించాలి. ప్రెస్ లేని చోట సుత్తితో దిగగొడతారు. ఆ దెబ్బ బాల్స్ గుండా పోయి కొత్త బేరింగు లోపలే గుంటలు పడి, కొద్ది వారాలకే హోరు మళ్ళీ మొదలవుతుంది. బేరింగును నకుల్‌లోకి నొక్కేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదనే పడాలి, హబ్‌ను అందులోకి నొక్కేటప్పుడు లోపలి రింగుకు కింద ఆనింపు ఉండాలి. హబ్‌కు అతుక్కుపోయిన పాత లోపలి రింగును కోసి తీసేటప్పుడు హబ్ మీద గీత పడిందేమో మీ కళ్ళతో చూడండి. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న మోడల్ అయితే బేరింగుకు ఒక వైపున్న అయస్కాంతపు రింగు సెన్సర్ వైపే ఉండాలి, తిరగేసి ఎక్కిస్తే ఏబీఎస్ హెచ్చరిక లైటు వెలుగుతుంది. హబ్ మధ్యలో ఉండే యాక్సిల్ నట్ కొత్తది వేయించి, గాలి గన్నుతో కాక టార్క్ రెంచితో (బిగింపును కొలిచి చూపే రెంచి) బిగించమనండి. ఆ బిగింపు పూర్తయ్యేదాకా కారు బరువు చక్రం మీద పడకూడదు. నకుల్‌ను సస్పెన్షన్‌కు బిగించే స్ట్రట్ బోల్టులు విప్పుతారు కనుక చివర్లో చక్రాల అలైన్‌మెంటు కూడా చూపించండి.

కృష్ణాతీరం

అందరికీ ధన్యవాదాలు. ఈ ఉదయం ఎత్తించి చూశాము. ఎడమ స్ప్రింగు మీద గరగర స్పష్టంగా తెలిసింది, కుడి వైపు నున్నగా ఉంది, ప్లే ఏ వైపూ లేదు. ప్రెస్ ఉన్న గ్యారేజీలో ఎడమది మార్పించాలని నిర్ణయించుకున్నాను.

బెజవాడ_గ్యారేజీ

మంచి నిర్ణయమండీ. ఎత్తించినప్పుడే వెనక చక్రాలను కూడా తిప్పి చూడమనండి, అవీ అదే నీటిలో ఉన్నాయి కదా. పని అయ్యాక వెంటనే తిరుపతి బయలుదేరకుండా ముందు గుంటూరు దాకా వెళ్ళి రండి. దిగగానే రెండు ముందు చక్రాల మధ్యభాగం దగ్గర చెయ్యి తాకించకుండా వేడి పోల్చి చూస్తే, రెండూ ఒకేలా ఉంటే సరిపోతుంది.