దివాలా తీసిన కస్టమర్ నుంచి బాకీ ఎలా రాబట్టుకోవాలి?

నమస్కారం అండీ. నాలుగేళ్లుగా నా దగ్గర అరువు మీద సరుకు తీసుకుంటున్న ఒకాయన దివాలా పిటిషన్ వేశారు. మూడు బిల్లులు బాకీ. కోర్టు నోటీసు వచ్చాక ఫోన్ చేసి అడగడం మానేశాను. గడువులోగా క్లెయిమ్ వేయాలనీ, ఆస్తి తాకట్టు పెట్టుకున్నవాళ్ల తర్వాతే మాలాంటివాళ్ల వంతనీ తెలుసు.

నా అసలు బెంగ వేరు. పిటిషన్‌కు కొద్ది వారాల ముందు ఆయన ఒక పాత బిల్లు కట్టారు. ఆ డబ్బు పనివాళ్ల జీతాలకే అయిపోయింది. ఇప్పుడు దాన్ని వెనక్కి కట్టమంటారా? మీలో ఎవరికైనా అలా జరిగిందా? చివరి లోడు ఆయన గోడౌన్‌లో ఇంకా విప్పకుండానే ఉందట, అది తిరిగి అడగొచ్చా? హామీ సంతకం పెట్టిన ఆయన తమ్ముడి మీద విడిగా వెళ్లొచ్చా? దయచేసి అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, క్లెయిమ్ గడువు దగ్గరపడింది.